ట్రంపెట్‌కి చెంబు ముక్క

మాస్టర్ పోయాడని తెలిసినప్పుడు నా నోట వచ్చింది 'అయ్యో' అనే. మనసులో అనుకున్నది మాత్రం 'హమ్మయ్య' అని. ఇలా రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి రాస్తూ అబద్ధం ఆడితే, ఎక్కడున్నా లేచి వచ్చి "ఊపిరి లేనోడా" అని తిట్టగలడు. ఆయనతో ఎందుకొచ్చిన గొడవ, నిజమే రాస్తాను.

పోయిన ఆదివారం బిర్యానీ పార్సెల్ కోసం మణికొండలో ఆ పాత సందులోకి వెళ్ళాను. రెండు లేడీస్ హాస్టళ్ళ మధ్య ఆయన రేకుల షెడ్డు ఉండాల్సిన చోట మోమోల కొట్టు వెలిసింది. పక్కనున్న ఇస్త్రీ బండి మాత్రం కదల్లేదు. బండి యాదమ్మ నన్ను చూసి ఇస్త్రీ పెట్టె ఆపింది.

"పోయిండు సార్, మాస్టర్. రెండు నెలలాయె. నీకు ఫోన్లు చేస్తనే ఉండె. నువ్వు ఎత్తకపోతివి."

"అయ్యో, మీటింగుల్లో ఉండి..." అని నసిగాను.

"రెండేండ్ల సంది ఒక్కటే మీటింగా?" అంది. "ఆగు, నీదొకటి నా కాడ ఉన్నది," అంటూ చీర కొంగుకు చేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్ళింది.

ఆమె వచ్చేలోపు ఆయన సంగతి చెబుతాను.

పాతబడి మూగబోయిన ట్రంపెట్లు, క్లారినెట్లు, శాక్సఫోన్లు శుభ్రం చేసి మళ్ళీ పలికించడం ఆయన పని. ఒకప్పుడు పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడట. ముందు పళ్ళు రెండూ రాలిపోయాక ఊదడం మానేసి, ఊదేవాళ్ళను తిట్టే వృత్తిలోకి దిగాడు. చార్మినార్ నుంచి బొంబాయి దాకా ఈ పనిలో తనను మించినవాడు లేడని అందరూ అంటారని చెప్పేవాడు. ఆ అందరిలో ఒక్కరినీ నేను చూడలేదు. సందులో వాళ్ళు మాస్టర్ సాబ్ అనేవారు. నాకూ అదే అలవాటైంది.

ముక్కు మీద ఒక కళ్ళజోడు, నుదుటి మీద ఇంకొకటి. ఆ రెండింటిలో దేనిలోంచీ మనిషి మొహం చూసేవాడు కాదు. ఏమైందో, ఎలా అయిందో మనం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"నువ్వు చెప్పకు. అది చెప్తది."

తర్వాత ముక్కు తీసుకెళ్ళి వాయిద్యం లోపల పెట్టి వాసన చూసేవాడు. "పాన్ తినేటోడు ఊదిండు దీన్ని," అనేవాడు. "ఇది పిల్లగాళ్ళ చేతిల పడ్డది. లోపట బిస్కీట్ ఉన్నది." ఆ తర్వాత సన్న తాడుకు గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగితే, నలుపో పచ్చో తేల్చలేని జిడ్డు బయటికొచ్చేది. దాన్ని సొంతదారు మొహం ముందు ఆడించి, "సూస్కో, నీ భాగోతం," అనేవాడు. మా ఆఫీసులో ఏడాదికోసారి పనితీరు గురించి గంటసేపు చెబుతారు. అంత సూటిగా అక్కడ ఎవరూ ఏదీ చూపించలేదు నాకు.

పని ఎప్పటికవుతుందని అడిగితే "శుక్రవారం" అనేవాడు. ఏ శుక్రవారమో మాత్రం ఆయన కడుపులోనే ఉండేది. ఒకసారి మెడలో ఆఫీసు బిళ్ళ తీయకుండానే వెళ్ళాను. బిళ్ళ పట్టుకుని తిప్పి చూసి, "పలుపు కట్టిన్రు, మంచిగనే ఉన్నది. గంట కట్టుడు మర్శిన్రా సారూ?" అని అడిగాడు. యాదమ్మ పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆ సందు మొదట్లోనే బిళ్ళ తీసి జేబులో వేసుకునేవాణ్ణి.

కొత్తగా ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఊదుతవా, ఏలాడదీస్తవా?"

కోకాపేట టవర్లలో ఇళ్ళు కొన్నవాళ్ళకు అప్పుడు కొత్త పిచ్చి పట్టింది. హాల్లో గోడకు పాత బాకా ఒకటి వేలాడాలి. తాతగారిదని చెప్పుకోవాలి. తాత లేకపోతే కొనుక్కోవాలి. అలాంటి ఒకాయన ఒకరోజు క్లారినెట్ తెచ్చి, దీన్ని మెరిపించి లోపల బల్బు పెట్టివ్వమని అడిగాడు. మాస్టర్ దాన్ని వాసన చూసి, కీలకు నూనె వేసి, చిట్లిన చెక్కకు మైనం రాసి, గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చేశాడు.

"ఇది మంచిగున్నది, ఇంక పదేండ్లు పలుకుతది. లైటు బుగ్గ పెట్టుకోనీకి మీ ఇంట్ల గోడలు లేవా?"

ఆ మనిషి కారెక్కి తలుపు దబ్బున వేసుకున్నాడు. మాస్టర్ ఏమీ జరగనట్టు యాదమ్మ చాయ్‌లో సగం తన గ్లాసులో వంపుకున్నాడు. సొంత చాయ్ కొనుక్కుని తాగగా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది గోడకు వేలాడదీయడానికి కాదు. అంతకన్నా పెద్ద తప్పు చేసి వెళ్ళాను.

మా నాన్న బడిపంతులు. మా ఊరి చర్చిలో ప్రతి ఈస్టర్ నాడు పొద్దు పొడిచే వేళ మెట్ల మీద నిలబడి ట్రంపెట్ ఊదేవాడు. ముప్పై ఏళ్ళు ఊదాడు. ఆయన పోయాక అమ్మ నాతోనే ఉంటోంది, మణికొండ ఫ్లాట్‌లో. మరుసటి ఏడాది ఈస్టర్ రెండు నెలలుందనగా ఒకరోజు కాఫీ ఇస్తూ అడిగింది.

"ఒరే నాన్నా, ఈసారి పండగకి నల్లగండ్ల చర్చిలో మీ నాన్న బూర నువ్వు ఊదరా. ఒక్కసారి వింటే చాలు నాకు."

అమ్మ నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. చిన్నప్పుడు నాన్న దగ్గర నాలుగు పాటలు నేర్చుకున్నాను కాబట్టి తప్పించుకోవడానికి వంకా లేదు. సరేనన్నాను. అటక మీంచి పెట్టె దించితే ట్రంపెట్ నల్లగా, అక్కడక్కడ పచ్చగా ఉంది. మెరిస్తే బాగుపడ్డట్టే అనుకునే జాతి మాది. తిన్నగా మెట్ల రెయిలింగులకు మెరుగు పెట్టే కొట్టుకు తీసుకెళ్ళి బఫింగ్ మిషన్ మీద పెట్టించాను. ట్రంపెట్ బంగారంలా మెరిసింది. ఆ మెరుపు చూసి నేను మురుస్తుండగానే, అరిగిపోయి పలచబడ్డ రేకును చక్రం లాగేసింది. బూర వెడల్పయ్యే చోట రెండు వేళ్ళు పట్టేంత చిరుగు.

అమ్మతో "సర్వీసింగ్‌కి ఇచ్చానమ్మా" అన్నాను. కార్లకూ బైకులకూ అలవాటైన మాట, నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది.

మాస్టర్ ఆ ట్రంపెట్‌ను చేతిలోకి తీసుకుని చిరుగు అంచు వేలితో తడిమాడు. తర్వాత వాసన చూశాడు.

"మీ నాయిన ఊదే ముందట అల్లం మురబ్బా తినేటోడా?"

నాన్న జేబులో ఎప్పుడూ మురబ్బా పొట్లం ఉండేది. "అవును," అన్నాను.

"గసుంటి మనిషి బాజాకు గుండు గొరిగిచ్చినవ్!" అని అరిచాడు. "ముప్పై ఏండ్లు చెయ్యి పట్టిన రంగురా అది. మురికనుకుంటివా? ఇయ్యాల దీన్ని గోకిచ్చినవ్, రేపు మీ నాయిన ఫోటోకు సున్నం ఏపిస్తవా?"

సందంతా వింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టడం అయ్యాక చల్లగా చెప్పాడు. "ఇంట్లకెల్లి పాత ఇత్తడి తెచ్చుకో. అతుకేస్త."

ఆయనకో నియమం ఉంది. ఎవరింటి వాయిద్యానికి ఆ ఇంటి ఇత్తడే అతకాలి. బజారు రేకు వాడడు. ఎందుకని అడిగితే మొండిగా "కలవది" అనేవాడు, అంతే. నేను ముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇత్తడి గిన్నె పట్టుకెళ్ళాను. గోటితో మీటి, "ఇనుము మీద పూత. దీనికంటే నీ మాటలు నయం," అని నా చేతిలోనే పెట్టాడు.

ఇంట్లో పాత ఇత్తడి ఒక్కటే ఉంది. అమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన చెంబు. దాని మీద చుక్కలు చుక్కలుగా 'సుగుణమ్మ' అని పేరు కొట్టించి ఉంటుంది. అడిగితే అమ్మ ఇచ్చేదే. కానీ అడగాలంటే చిరుగు సంగతి చెప్పాలి. అటక మీది మూటలోంచి చెంబు తీసి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని పోయాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను.

ఆ చెంబును మా ఇంట్లో పని చేసే రేణుక ప్రతి శనివారం దించి, చింతపండు వేసి తోమి, మళ్ళీ మూట కట్టి పెడుతుందని నాకు తెలియదు. నలభై ఏళ్ళొచ్చినా సొంత వంటింట్లో ఏం జరుగుతుందో తెలియని మగవాళ్ళలో నేనొకణ్ణి.

మాస్టర్ చెంబును కత్తిరించాడు. సరిగ్గా పేరున్న చోటే. అక్షరాలు లోపలికి వచ్చేట్టు వేయమని బతిమాలాను.

"మీ అమ్మ పేరు లోపటికి ఏస్తే, సిగ్గువడ్డట్టు ఉంటది. బైటికే ఉండాలె."

ఆ వారంలో ఒక సాయంత్రం ఆయన అతుకు వేయడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. అతుకు పట్టడానికి వెలిగారం నీళ్ళు పూశాడు, గ్యాసు మంట వెలిగించాడు. ఊరికే కూర్చోలేక నేను కబుర్లు మొదలుపెట్టాను. చెంబు పోయిందని ఇంట్లో హడావుడిగా ఉందనీ, అమ్మకు రేణుక మీద అనుమానమనీ, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఏదో మాట పెట్టి ఆమె సంచిలోకి తొంగి చూస్తోందనీ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వించేట్టుగానే చెప్పాను.

ఆయన మంట ఆపేశాడు. నుదుటి మీది కళ్ళజోడు దించుకుని, పరిచయమయ్యాక మొదటిసారి నా మొహం చూశాడు.

"ఆ పిల్ల ఏమన్నది?"

"ఏమీ అనలేదు."

"నువ్వు?"

నేనూ ఏమీ అనలేదు. ఆయన వెలిగారం గిన్నె మీద మూత పెట్టేశాడు.

"ఇగ చెయ్య. ఇంట్ల చెప్పి రా. దొంగతనంగ తెచ్చిన ఇత్తడి అతకదు."

ఈస్టర్‌కి మూడు వారాలే ఉంది. రెండు రోజులాగి వెళ్ళి, చెప్పేశానన్నాను. అమ్మ ఏమందని అడిగాడు. "పోనీలే నాన్నా అంది," అని అక్కడికక్కడ కల్పించాను. ఆయన గూట్లోంచి ఎవరిదో ట్రంపెట్ తీసి నా చేతికిచ్చాడు.

"ఊదు."

ఊదాను. గేదె దగ్గినట్టు వచ్చింది.

"చెప్పలే," అన్నాడు. "అబద్ధమాడినోని గాలి గొంతుకాన్నే ఆగుతది. కడుపులకెల్లి రాదు."

ఇది ఉత్త బుకాయింపని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఊదనివాడు నిజం చెప్పి ఊదినా గేదె దగ్గే వస్తుంది. తెలిసి కూడా లొంగిపోయాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మకు అంతా చెప్పేశాను. బఫింగు, చిరుగు, చెంబు. అమ్మ ముద్ద కలుపుతూ ఆగిపోయింది. నన్ను తిట్టలేదు. కొడుకు పరువు కదా. మర్నాడు రేణుకతో, "ఆ చెంబు ఇంట్లోనే ఉందిలే అమ్మాయ్, ఎక్కడో పెట్టి మర్చిపోయాను," అంది. నేను పక్క గదిలో కాల్‌లో ఉన్నాను. విన్నాను. మ్యూట్ తీయలేదు.

ఆ సాయంత్రం రేణుక వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, తనే సంచి తెరిచి అమ్మకు చూపించింది. "సూస్కో అమ్మా," అంది. "అయ్యో, ఇదేంటే!" అని అమ్మ కంగారుపడింది. మర్నాడూ తెరిచింది. ఆ మర్నాడూ తెరిచింది. వద్దంటే నవ్వేది. మానలేదు మాత్రం, ఈ రెండేళ్ళూ.

మాస్టర్ మళ్ళీ ఊదమన్నాడు. ఈసారి గేదె కాస్త కోలుకుంది.

"చెప్పినవు. ఎవ్వలకు చెప్పినవు?"

"అమ్మకి."

"సంచి ఎవ్వలది?"

నేను చేతిలో ట్రంపెట్ కీలు నొక్కుతూ ఉండిపోయాను. ఆయన రెట్టించలేదు. మంట వెలిగించి అతుకు వేశాడు. చల్లారాక గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, "నీ పండుగకు పనికొస్తది. అంచుల జర గాలి పోతది. గా లోటు నా అతుకుది కాదు, నీది," అన్నాడు. చర్చికి రమ్మని పిలిచాను. "నీ ఊదుడు వినేటంత పాపం నేనేం చేసిన?" అన్నాడు.

ఈస్టర్ నాడు నల్లగండ్ల చర్చి ముందు, పార్కింగ్‌లో, పొద్దు పొడుస్తుండగా ఊదాను. రెండు చోట్ల తప్పింది. ఒక చోట గాలే వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక దగ్గరికొచ్చి అతుకు మీది అక్షరాలు వేలితో తడిమి, "మీ నాన్న బూర మీద నా పేరేంట్రా," అని నవ్వుతూ ఏడ్చింది. ఎవరో ఫోటో తీశారు. అమ్మ ఆ ఫోటో లిఫ్టులో కనబడిన ప్రతివాళ్ళకూ చూపించింది.

నా పని అయిపోయింది. మాస్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. ఆయన ఫోన్ చేసేవాడు, నెలకోసారి, రెండు నెలలకోసారి. పేరు చూడగానే నాకు 'సంచి ఎవ్వలది?' అన్న మాటే వినబడేది. ఫోన్ బోర్లా పెట్టేవాణ్ణి. రెండేళ్ళు అలా బోర్లా పెట్టాను. అందుకే ఆయన పోయాడనగానే 'హమ్మయ్య' అనుకున్నాను. ఇక అడిగేవాడు లేడు కదా.

ఇంతలో యాదమ్మ బయటికొచ్చింది. చేతిలో అమ్మ చెంబు.

నేను కత్తిరించిన చెంబును ఆయన పారేసి ఉంటాడనుకున్నాను. అసలు దాని గురించి అనుకోనే లేదు. పేరు తీసేసిన చోట ఇప్పుడు మెరిసే ముక్క ఒకటి అతికి ఉంది. నాన్న ట్రంపెట్ నుంచి చిరిగి వేలాడిన రేకును సాపు చేసి, అది చాలని చోట పక్కన చిన్న ముక్క కలిపి, చెంబుకు అతికాడు.

"తాగే చెంబని సీసం ఏయలే సార్, వెండి టంకం ఏసిండు," అంది యాదమ్మ. "ఇది తీస్కపొమ్మని చెప్పనీకే ఫోన్ చేస్తుండె. దవాఖానకు పోయే ముందట నా చేతిల పెట్టిండు. 'ఆ ఊపిరి లేనోడు ఎప్పుడన్న వస్తడు, ఇయ్యి' అన్నడు."

రెండేళ్ళపాటు ఆయన నన్ను ఏదో అడగడానికి ఫోన్ చేస్తున్నాడనుకున్నాను. ఇవ్వడానికి చేస్తున్నాడు. బిర్యానీ పార్సెల్ సంగతి మర్చిపోయి ఇంటికొచ్చాను.

రేణుక గిన్నెలు సర్దుతోంది. మాస్టర్ అతికి పెట్టిపోయాడని చెప్పి చెంబు అమ్మ చేతికిచ్చాను. అమ్మ చెంబులో నీళ్ళు నింపి గట్టు మీద పెట్టి చూసింది. ఒక్క చుక్క కారలేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎన్నో మీటింగుల్లో ఎన్నో తప్పులను ఇంకొకళ్ళ మీదకు నెట్టిన నోరు, ఆ రెండు మాటలకు ఎండిపోయింది.

"రేణుకా, అప్పుడు చెంబు అమ్మ మర్చిపోలేదు. తీసింది నేను. నీ మీద అనుమానం వచ్చిందని తెలిసీ నోరు మూసుకున్నాను. తప్పయిపోయింది."

ఆమె చేతిలో గిన్నె తుడవడం ఆపలేదు.

"నాకెర్కే సార్."

"ఎప్పటి నుంచి?"

"పండుగ ఫోటో అమ్మ నాకు గూడ సూపించింది గద. మీ బాజా మీద అమ్మ పేరుండె. నేను పదో తరగతి దాంక సదివిన సార్." గిన్నెను బోర్లించింది. "మీరే చెప్తరేమో అని సూస్తున్న. ఆ మాస్టర్ ఎవ్వలో గాని, అతుకు మంచిగేసిండు."

అమ్మ తల ఎత్తలేదు. చెంబులో నీళ్ళు మొక్కకు పోసి, కొంగుతో చెంబు తుడుస్తూ నిలబడింది.

పని అయ్యాక రేణుక సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అలవాటుగా అమ్మా నేనూ అటు చూశాం. చెప్పులు వేసుకుంది. "రేపు జర లేటుగ వస్త అమ్మా," అంది. సంచి తెరవకుండా వెళ్ళిపోయింది.